క్యాన్సర్ కణంలో జన్యువుల అదుపు ఎక్కడ తప్పుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జన్యువులకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సందేహం కనిపించింది: జన్యువు చెడిపోతేనే క్యాన్సర్ వస్తుందా, చెడిపోని జన్యువులకు కూడా అందులో పాత్ర ఉందా? ఈసారి ఆ కోవకు చెందిన ఉత్తరాలనే ఎంచుకున్నాం. ఈ జవాబులు విషయం బోధపడడానికి మాత్రమే. చికిత్సకు సంబంధించిన నిర్ణయాలు మీ నివేదికలన్నీ చూసిన వైద్యులతో మాట్లాడి తీసుకోవాలి.

ప్రశ్న: శరీరంలోని అన్ని కణాల్లోనూ అవే జన్యువులు ఉంటాయని బడిలో చదువుకున్నాం. మరి జన్యువుల వల్ల వచ్చే జబ్బు ఒక్క అవయవంలోనే ఎందుకు మొదలవుతుంది? అసలు జన్యువు పనిచేయడం అంటే ఏమిటి?

జవాబు: మీరు చదువుకున్నది నిజమే. ప్రొటీన్ల తయారీకి కావలసిన సమాచారం ఉన్న జన్యువులు మనిషిలో సుమారు 20,000 ఉన్నాయి. కేంద్రకమే లేని ఎర్ర రక్తకణాల వంటి కొద్ది మినహాయింపులను పక్కన పెడితే, కాలేయ కణంలో ఉన్నవీ మెదడు కణంలో ఉన్నవీ అవే జన్యువులు. అయినా అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను కాలేయ కణం పెద్ద మొత్తంలో తయారుచేస్తుంది, మెదడు కణం ఆ జోలికే పోదు. ఏ కణం ఏ జన్యువును ఎప్పుడు, ఎంత మేరకు వాడుకోవాలో నిర్ణయించే ఏర్పాటు ఒకటి ఉండబట్టే ఒకే జన్యు సమాచారంతో ఇన్ని రకాల కణాలు రూపొందుతున్నాయి.

జన్యువు పనిచేయాలంటే ముందు అందులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలు కావాలి, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారు కావాలి. నకలు మొదలయ్యే చోటును ప్రమోటర్ అంటారు. డీఎన్‌ఏలోని సమాచారాన్ని అక్షరాలుగా లెక్కిస్తే, జన్యువుకు వేల అక్షరాల దూరంలో, ఒక్కోసారి లక్షల అక్షరాల దూరంలో, ఎన్‌హాన్సర్లు అనే మరికొన్ని డీఎన్‌ఏ భాగాలు ఉంటాయి. డీఎన్‌ఏ మెలి తిరిగి ఎన్‌హాన్సర్ ప్రమోటర్‌ను చేరినప్పుడు, వాటిని అంటిపెట్టుకున్న నియంత్రక ప్రొటీన్లు నకలు వేగాన్ని పెంచుతాయి. తగ్గించేవి కూడా ఉన్నాయి. దీనికి తోడు, ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల పొడవుండే డీఎన్‌ఏ అంతా హిస్టోన్లు అనే ప్రొటీన్లకు చుట్టుకొని ఉంటుంది. చుట్ట బిగిసి ఉన్నచోట జన్యువులు నకలుకు అందవు. హిస్టోన్లకు ఎసిటైల్ సమూహాలు చేరితే ఆ బిగువు సడలుతుంది. ప్రమోటర్ దగ్గర డీఎన్‌ఏకు మిథైల్ సమూహాలు దట్టంగా చేరితే జన్యువు మూగబోతుంది. నకలు తయారయ్యాక కూడా అదుపు ఆగదు: మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న అణువులు ఆ నకళ్లకు అంటుకొని, వాటి నుంచి ప్రొటీన్ తయారు కాకుండా చూస్తాయి. 1993లో ఒక చిన్న పురుగులో వీటిని కనిపెట్టినందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఒక్క అవయవంలోనే ఎందుకు అన్న మీ ప్రశ్నకు పిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా మంచి ఉదాహరణ. వంశపారంపర్యంగా ఆర్‌బీ1 జన్యువు రెండు కాపీల్లో ఒకటి లోపంతో పుట్టిన బిడ్డకు ఆ లోపం ఒళ్లంతా ఉంటుంది. కానీ కణితి ఎక్కువగా రెటీనాలోనే, అదీ పసితనంలోనే వస్తుంది. ఎదుగుతున్న రెటీనా కణాలు కణ విభజనను ఆపడానికి ఆ జన్యువు మీద ఆధారపడినంతగా చాలా ఇతర కణాలు ఆధారపడవు. అంటే ఒక లోపం హాని చేస్తుందా లేదా అన్నది, అది ఉన్న కణంలో ఆ సమయానికి ఏయే జన్యువులు పనిచేస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: జన్యువులో మ్యుటేషన్ వచ్చి ప్రొటీన్ చెడిపోతే క్యాన్సర్ వస్తుందని పత్రికల్లో చదువుతుంటాం. ప్రొటీన్ బాగానే ఉండి, దాని పరిమాణం మాత్రం పెరిగినా క్యాన్సర్ వస్తుందా?

జవాబు: వస్తుంది. దీనికి తిరుగులేని సాక్ష్యం బర్కిట్ లింఫోమా. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పిల్లల దవడల్లో చాలా వేగంగా పెరిగే ఈ కణితుల గురించి 1958లో వివరించారు. ఆ కణాల్లో క్రోమోజోములు తెగి అతుక్కునే తీరు ఒక పద్ధతి ప్రకారం ఉంటుందని తరవాత తెలిసింది. ఎక్కువ మంది రోగుల్లో 8వ క్రోమోజోము ముక్క ఒకటి 14వ క్రోమోజోముకు అతుక్కుంటుంది. అలా తరలివెళ్లిన ముక్కలో ఉన్నది మిక్ అనే జన్యువని 1982లో తేలింది.

మిక్ ప్రొటీన్ స్వయంగా ఒక నియంత్రక ప్రొటీన్. కణం పెరగడానికీ విభజన చెందడానికీ అవసరమైన ఎన్నో జన్యువులను అది పనిలోకి దించుతుంది. మామూలుగా కణానికి బయటి నుంచి పెరుగుదల సంకేతం అందినప్పుడే మిక్ తయారవుతుంది, నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. కానీ ఈ జబ్బు వచ్చేది బి లింఫోసైట్లలో. ఆ కణాల ముఖ్యమైన పని యాంటీబాడీల తయారీ కాబట్టి, 14వ క్రోమోజోము మీద ఉన్న యాంటీబాడీ జన్యువు దగ్గరి ఎన్‌హాన్సర్ అక్కడ నిరంతరం చురుకుగా ఉంటుంది. మిక్ వచ్చి చేరేది సరిగ్గా ఆ ఎన్‌హాన్సర్ ప్రభావంలోకే. ఇక పెరుగుదల సంకేతం ఉన్నా లేకపోయినా మిక్ తయారవుతూనే ఉంటుంది. ఇదే తెగడం, అతుక్కోవడం కాలేయ కణంలో జరిగి ఉంటే, అక్కడ యాంటీబాడీ ఎన్‌హాన్సర్ నిద్రాణంగా ఉంటుంది కనుక ఈ ఫలితం వచ్చేది కాదు. నా దృష్టిలో ఈ విషయాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే జబ్బు మరొకటి లేదు.

ప్రొస్టేట్ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఇలాంటిదే మరొక మార్పు ఉందని 2005లో బయటపడింది. పురుష హార్మోను సంకేతంతో పనిచేసే ఒక జన్యువు ప్రమోటర్ తెగి, ఈఆర్‌జీ అనే జన్యువుకు తగులుకుంటుంది. దాంతో ప్రొస్టేట్ కణంలో సాధారణంగా పనిచేయని ఈఆర్‌జీ, హార్మోను ఉన్నంతసేపూ తయారవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం కేసుల్లో దారి వేరు: హెచ్‌ఈఆర్2 జన్యువు కాపీలు రెండుకు బదులు పదుల సంఖ్యకు పెరిగి, కణం ఉపరితలం మీద ఆ ప్రొటీన్ కిక్కిరిసిపోతుంది. ప్రొటీన్ మామూలుదే, మోతాదే మితిమీరింది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ మందు ఆ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది.

జన్యువు లోపలి అక్షరం ఒక్కటీ మారకుండా కేవలం ప్రమోటర్‌లో ఒకే ఒక్క అక్షరం మారడం కూడా చాలు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇది కనిపిస్తుందని 2013లో రెండు పరిశోధక బృందాలు ఒకేసారి ప్రకటించాయి. కణం విభజన చెందినప్పుడల్లా క్రోమోజోముల కొసలు కొంచెం కొంచెం అరిగిపోతాయి. వాటిని తిరిగి పొడిగించే టెలొమెరేజ్ ఎంజైము తయారీకి కావలసిన టెర్ట్ జన్యువు చాలా శరీర కణాల్లో మూతపడి ఉంటుంది. దాని ప్రమోటర్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో అక్షరం మారితే, అంతకుముందు అక్కడ అంటుకోలేని నియంత్రక ప్రొటీన్లకు కొత్తగా చోటు దొరుకుతుంది. జన్యువు తిరిగి పనిలో పడుతుంది, విభజనలకు ఉన్న హద్దు తొలగిపోతుంది. అంతవరకు జన్యువుల లోపలి భాగాల్లోనే మార్పుల కోసం వెతికిన పరిశోధకులు, ఆ తరవాత జన్యువుల మధ్య ఉన్న డీఎన్‌ఏ మీద కూడా దృష్టి పెట్టక తప్పలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. బయాప్సీ నివేదికలో ఎంఎల్‌హెచ్1 ప్రొటీన్ లేదని రాశారు. అది వంశపారంపర్య జబ్బుకు గుర్తని ఒకరు, కాకపోవచ్చని మరొకరు అంటున్నారు. మిథైలేషన్ పరీక్ష చేయించమన్నారు. ఆ పరీక్షతో ఏం తెలుస్తుంది?

జవాబు: మీ వైద్యులు సరైన పరీక్షే సూచించారు. అదెందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కణ విభజనను ఆపే జన్యువులు, డీఎన్‌ఏ మరమ్మతు చేసే జన్యువులు సాధారణంగా రెండు కాపీలూ పోతేనే కణం అదుపు తప్పుతుంది. రెటినోబ్లాస్టోమా వచ్చిన పిల్లల వివరాలను పరిశీలించి ఆల్‌ఫ్రెడ్ నుడ్‌సన్ 1971లో ఈ సంగతిని ప్రతిపాదించారు. అయితే కాపీ పోవాలంటే అది తెగిపోవాలనో, అందులో అక్షరాలు మారాలనో లేదు. ప్రమోటర్‌కు మిథైల్ సమూహాలు దట్టంగా చేరి జన్యువు మూతపడినా, కణానికి సంబంధించినంత వరకు అది లేనట్లే. జన్యువును అక్షరం అక్షరం చదివి చూస్తే ఏ దోషమూ కనిపించదు. ప్రొటీన్ మాత్రం ఉండదు.

ఎంఎల్‌హెచ్1 ప్రొటీన్ పని, డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు దొర్లే పొరపాట్లను సరిదిద్దే బృందంలో పాలుపంచుకోవడం. అది లేకపోతే పొరపాట్లు వేల సంఖ్యలో పేరుకుపోతాయి. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఇలా మరమ్మతు లోపించినవే. వాటిలో కొన్ని లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితి వల్ల వస్తాయి. అక్కడ జన్యువులోనే పుట్టుకతో లోపం ఉంటుంది, అది పిల్లలకు సంక్రమించే అవకాశం సగానికి సగం. ఎక్కువ వాటిలో మాత్రం ఆ ఒక్క పేగు కణంలో, వయసు మీరాక, ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ మిథైలేషన్‌తో మూతపడడమే కారణం. అది పిల్లలకు రాదు.

కాబట్టి కణితిలో ఆ ప్రమోటర్‌కు మిథైలేషన్ ఉందని తేలినా, బీర్యాఫ్ జన్యువులో వీ600ఈ అనే ప్రత్యేకమైన మార్పు కనిపించినా, లించ్ సిండ్రోమ్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంటుంది. రెండూ లేకపోతే రక్త పరీక్షతో పుట్టుకతో వచ్చిన లోపం ఉందేమో చూడాలి. అరుదైన మినహాయింపులు ఉన్నాయి కాబట్టి, మీ నాన్నగారికి చిన్న వయసులోనే జబ్బు వచ్చి ఉన్నా, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్లు ఉన్నా, జన్యు సలహా ఇచ్చే నిపుణులను కలవడం మంచిది. మరో సంగతి కూడా చెప్పాలి: మరమ్మతు లోపించిన ఈ కణితులను రోగనిరోధక వ్యవస్థ సులువుగా గుర్తుపడుతుంది గనుక, ఇమ్యునోథెరపీ మందులకు అవి తక్కిన పెద్దపేగు క్యాన్సర్ల కన్నా బాగా లొంగుతాయి. ఆ నివేదికలోని ఒక్క వాక్యం మీ నాన్నగారి చికిత్సకు కూడా అవసరమైనదే.

ప్రశ్న: మా అక్కయ్యకు రొమ్ములో కణితిని పూర్తిగా తీసేశారు, అంచుల్లో కూడా క్యాన్సర్ లేదన్నారు. హార్మోను మాత్రలు కూడా వాడింది. చాలా ఏళ్ల తరవాత ఇప్పుడు ఎముకల్లో కనిపించిందట. అప్పుడు లేనిది ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? కణాల్లో కొత్తగా ఏదైనా మార్పు వచ్చిందా?

జవాబు: మీ అక్కయ్య విషయంలో ఎవరి నిర్లక్ష్యమూ ఉందని అనుకోనక్కరలేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న రొమ్ము క్యాన్సర్లు 20 ఏళ్ల తరవాత కూడా తిరగబెట్టగలవని దీర్ఘకాలిక పరిశీలనల్లో తేలింది. శస్త్రచికిత్సకు ముందే కొన్ని కణాలు రక్తంలోకి వెళ్లి ఎముక మూలుగలో చేరి ఉంటాయి. ఒకటీ అరా కణాలుగా ఉన్న వాటిని ఏ స్కానూ చూపలేదు. అక్కడ అవి విభజన ఆపేసి, చావకుండా, పెరగకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలవు. విభజన చెందే కణాల మీద పనిచేసే కీమోథెరపీ వాటిని పెద్దగా తాకదు.

కొత్త మార్పు ఏదైనా వచ్చిందా అని మీరు అడిగారు. ఇక్కడే శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం తికమకపడ్డారు. కణితి మొదలవడానికి కారణమయ్యే మ్యుటేషన్ల జాబితా మన దగ్గర ఉంది. కానీ తొలి కణితిలో లేకుండా, వ్యాపించిన కణితుల్లో మాత్రమే పదే పదే కనిపించే మ్యుటేషన్లు ఎంత వెతికినా కొద్దిగానే దొరికాయి. వ్యాపించే శక్తిని కణం చాలావరకు తన దగ్గర ఉన్న జన్యువులను వేరే విధంగా వాడుకోవడం ద్వారానే సంపాదిస్తుందన్నది దీన్ని బట్టి వచ్చిన అభిప్రాయం.

ఆ వాడకం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పాల నాళాలను కప్పి ఉండే కణాలు పక్కపక్కనే అతుక్కొని ఉంటాయి. వాటిని పట్టి ఉంచే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్. చుట్టూ ఉన్న కణజాలం నుంచి టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు అందినప్పుడు స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే నియంత్రక ప్రొటీన్లు కణంలో పెరుగుతాయి. ఇవి ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువును అణచివేసి, కణం కదలడానికి కావలసిన జన్యువులను పనిలోకి తెస్తాయి. కణం పక్క కణాల పట్టు వదిలి, ఆకారం మార్చుకొని, చుట్టూ ఉన్న కణజాలంలోకి జొరబడుతుంది. నిజానికి ఇది క్యాన్సర్ కోసం పుట్టిన ఏర్పాటు కాదు. పిండం రూపుదిద్దుకునేటప్పుడు కణాలు ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లడానికి వాడుకునేదీ, గాయం మానేటప్పుడు కొంతమేర తిరిగి కనిపించేదీ ఇదే. క్యాన్సర్ కణం దాన్ని అవసరం లేని చోట, అవసరం లేని వేళ వాడుకుంటుంది.

జెబ్1ను మైక్రో ఆర్‌ఎన్‌ఏ-200 అనే కుటుంబం అణచి ఉంచుతుంది. జెబ్1 కూడా ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏల తయారీని అణచగలదు. రెండూ ఒకదాన్నొకటి తొక్కిపెట్టేవే కావడంతో, ఏ కొంచెం మొగ్గు వచ్చినా కణం ఒక స్థితి నుంచి రెండో స్థితికి మారగలదు, మళ్లీ వెనక్కి రాగలదు. ఈ వెనక్కి రావడం చాలా ముఖ్యం. కదిలే స్థితిలో ఉన్న కణం సాధారణంగా వేగంగా విభజన చెందదు. దూరపు అవయవంలో కణితి కట్టాలంటే అది చాలాసార్లు తిరిగి పాత స్థితికి రావాల్సి ఉంటుంది. రొమ్ము నుంచి కాలేయానికో ఎముకకో పాకిన కణితుల్లో ఇ-క్యాడ్‌హెరిన్ తరచుగా మళ్లీ కనిపించడానికి కారణం ఇదే. చాలా కణాలు రెండు స్థితుల లక్షణాలనూ కొంత కొంత ఉంచుకొని, గుంపులుగా కూడా ప్రయాణిస్తాయి. లాబ్యులర్ అనే రకం రొమ్ము క్యాన్సర్ మాత్రం వేరు; అందులో ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువే సాధారణంగా దెబ్బతిని ఉంటుంది కాబట్టి అది తిరిగి రాదు.

కణితి పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ చాలదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు హిఫ్ అనే నియంత్రక ప్రొటీన్ విచ్ఛిన్నం కాకుండా నిలిచి, కొత్త రక్తనాళాలను రప్పించే వీఈజీఎఫ్ వంటి జన్యువులను పనిలోకి దించుతుంది. ఆక్సిజన్‌ను కణాలు పసిగట్టే ఈ తీరును వివరించినందుకు విలియం కెలిన్, పీటర్ ర్యాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. అలా వచ్చిన నాళాలు కణితికి ఆక్సిజన్ తెచ్చేవే కాక, కణాలు బయటపడే దారులు కూడా అవుతాయి.

ఎముకలే ఎందుకు? 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ ప్యాజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను పరిశీలించి, జబ్బు పాకే అవయవాలు యాదృచ్ఛికం కావని గమనించారు. విత్తనం ఎటైనా కొట్టుకుపోవచ్చు గాని అనువైన నేలలోనే మొలుస్తుందన్నది ఆయన చెప్పిన పోలిక. రొమ్ము క్యాన్సర్ కణాలు ఎముకలో చేరి మేల్కొన్నాక, ఎముకను కరిగించే కణాలను ప్రేరేపించే ప్రొటీన్లను తయారుచేస్తాయి. కరిగిన ఎముక నుంచి అందులో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా విడుదలై, క్యాన్సర్ కణాలు ఆ ప్రొటీన్లనే ఇంకా ఎక్కువగా తయారుచేసేటట్లు చేస్తుంది. మీ అక్కయ్యకు ఎముకలు బలపడడానికని డెనోసుమాబ్ గాని, జోలెడ్రోనిక్ ఆమ్లం గాని ఇస్తే, వాటి ఉద్దేశం ఈ పరస్పర ప్రేరణను తెంచి, ఎముకలు విరగకుండా కాపాడడం. వీలైతే ఎముకలోని కణితి నుంచి కూడా బయాప్సీ తీసి హార్మోను గ్రాహకాలు, హెచ్‌ఈఆర్2 మళ్లీ చూడమని వైద్యులను అడగండి. కొందరిలో అవి తొలి కణితికి భిన్నంగా ఉంటాయి, దాన్ని బట్టి మందులు మారతాయి.

ప్రశ్న: జన్యువు చెడిపోకుండా దాని పనితీరు మాత్రమే మారితే, దాన్ని తిరిగి సరిచేయవచ్చు కదా? కణాన్ని చంపకుండానే క్యాన్సర్‌ను నయం చేయగలరా?

జవాబు: కనీసం ఒక జబ్బులో అది నిజమైంది. అక్యూట్ ప్రొమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఒకప్పుడు రక్తస్రావంతో వారాల్లోనే ప్రాణం తీసేది. ఇందులో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక అతుకు ప్రొటీన్ పుడుతుంది. తెల్లరక్తకణం పరిపక్వం కావడానికి కావలసిన జన్యువుల దగ్గర అది కూర్చొని, వాటిని మూసి ఉంచుతుంది. కణాలు ఎదగని దశలోనే ఆగిపోయి పేరుకుపోతాయి. విటమిన్ ఎ నుంచి వచ్చే ఒక ఆమ్లాన్ని ఎక్కువ మోతాదులో ఇస్తే ఆ ప్రొటీన్ పట్టు వదులుతుంది, మూతపడిన జన్యువులు తెరుచుకుంటాయి, క్యాన్సర్ కణాలు పరిపక్వమై సహజంగా అంతరిస్తాయి. షాంఘై వైద్యులు ఈ మందు ఇచ్చిన 24 మంది రోగుల్లోనూ జబ్బు పూర్తిగా తగ్గుముఖం పట్టిందని 1988లో ప్రచురించారు. తరవాత ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ తోడైంది. అది ఆ అతుకు ప్రొటీన్‌నే విచ్ఛిన్నం చేస్తుంది. తొలి రోజుల గండం దాటినవారిలో అత్యధికులు నేడు పూర్తిగా కోలుకుంటున్నారు. ఇది విటమిన్ ఎ మాత్రలతో సాధ్యమయ్యేది కాదనీ, మందు మొదలుపెట్టాక ప్రాణాంతకమైన దుష్ఫలితాలు రావచ్చు గనుక ఆసుపత్రిలోనే ఇస్తారనీ గుర్తుంచుకోవాలి.

మిగతా క్యాన్సర్లలో ఫలితాలు ఇంత గొప్పగా లేవు. మిథైలేషన్‌ను తగ్గించే అజాసైటిడిన్ 2004లో ఎముక మూలుగ జబ్బులకు అనుమతి పొంది, చాలామందికి ఆయుష్షు పెంచింది గాని నయం చేసేది కాదు. హిస్టోన్ల మీద పనిచేసే వొరినోస్టాట్ 2006లో వచ్చింది. అది చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకే పరిమితమైంది. ఈ మందులు ఒక్క జన్యువును ఎంచుకొని తెరవలేవు, ఎన్నో జన్యువులను ఒకేసారి కదిలిస్తాయి. రక్త క్యాన్సర్లు కాకుండా అవయవాల్లో గడ్డకట్టే కణితుల్లో వాటి విజయం తక్కువగా ఉండడానికి అదొక కారణం. నిజానికి జన్యువుల పనితీరును మార్చే మందుల్లో ఎక్కువ మందికి మేలు చేసింది రొమ్ము క్యాన్సర్‌లో వాడే టామాక్సిఫెన్ వంటి హార్మోను చికిత్సలే. ఈస్ట్రోజెన్ గ్రాహకం స్వయంగా ఒక నియంత్రక ప్రొటీన్. దాన్ని అడ్డుకుంటే అది నడిపే జన్యువులు నెమ్మదిస్తాయి. వీటిని ఈ కోవలో లెక్కించడం ఎందుకో మనకు అంతగా అలవాటు కాలేదు.

ఈ మార్పిడి గుణం కణానికి కూడా ఉపయోగపడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, మందు వేసినప్పుడు దాదాపు అన్నీ చనిపోయి, ఒక శాతం కన్నా తక్కువ కణాలు మిగిలాయి. వాటిలో మందును తట్టుకునే కొత్త మ్యుటేషన్ కనిపించలేదు. మందు ఆపి కొంతకాలం పెరగనిస్తే వాటి సంతతి మళ్లీ అదే మందుకు లొంగింది. హిస్టోన్ల గుర్తుల్లో వచ్చిన తాత్కాలిక మార్పుతోనే అవి గండం గట్టెక్కాయి. అలా బతికి ఉన్న కాలంలో శాశ్వతమైన మ్యుటేషన్ వచ్చే వ్యవధి వాటికి దొరుకుతుంది. కొందరు రోగుల్లో ఇంకా పెద్ద మార్పే జరుగుతుంది: ఈజీఎఫ్ఆర్ అనే పెరుగుదల గ్రాహకాన్ని అడ్డుకునే మందులు వాడుతుండగా ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్, స్మాల్ సెల్ అనే వేరే రకంగా మారిపోతుంది. మందు లక్ష్యంగా పెట్టుకున్న జన్యువు మీద ఆ కణం అప్పటికి ఆధారపడడమే మానేసి ఉంటుంది. జబ్బు ముదిరినప్పుడు మళ్లీ బయాప్సీ అడిగితే రోగులు విసుక్కోవడం సహజమే, కానీ వైద్యులు దాన్ని కోరడానికి ఇదొక కారణం.

ప్రశ్న: మంచి జన్యువులను తెరిచి, క్యాన్సర్ జన్యువులను మూసివేస్తాయంటూ కొన్ని మాత్రలను ప్రచారం చేస్తున్నారు. వాడవచ్చా?

జవాబు: వద్దు. పాత్రలో పెంచిన కణాల మీద ఏ పదార్థం పోసినా కొన్ని జన్యువుల పనితీరు మారుతుంది. దాన్ని బట్టి మనిషిలో క్యాన్సర్ తగ్గుతుందని చెప్పలేం. పైగా ఒక అవయవంలో మేలు చేసే జన్యువు మరో అవయవంలో కీడు చేయవచ్చు. మీరు నిజంగా చేయదగిన పని ఏదైనా ఉంటే అది పొగాకు మానడం. పొగ తాగేవారి రక్తకణాల్లో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు దగ్గర మిథైలేషన్ తగ్గి ఉంటుందనీ, మానేసిన తరవాత అది ఏళ్ల మీద క్రమంగా పూర్వస్థితి వైపు మళ్లుతుందనీ అనేక పరిశీలనల్లో కనిపించింది. పొగ వల్ల వచ్చిన మ్యుటేషన్లు మాత్రం అలా చెరిగిపోవు.

ప్రశ్న: నాకు తొలి దశలో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, హార్మోను గ్రాహకం ఉంది, హెచ్‌ఈఆర్2 లేదు. 21 జన్యువుల పరీక్ష చేయిస్తే కీమోథెరపీ అవసరం లేకపోవచ్చని వైద్యులు అన్నారు. నా జన్యువులు చూసి అది ఎలా చెబుతారు? ఫలితం చెడుగా వస్తే మా అమ్మాయికి కూడా ప్రమాదమా?

జవాబు: ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను: ఈ పరీక్షకూ మీ అమ్మాయికీ సంబంధం లేదు. మీరు పుట్టుకతో తెచ్చుకున్న జన్యువుల్లో లోపం ఉందేమో ఇది చూడదు. తీసేసిన కణితి ముక్కలో 21 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో మాత్రమే కొలుస్తుంది. వాటిలో 16 క్యాన్సర్ ప్రవర్తనకు సంబంధించినవి. కణ విభజన వేగం, ఈస్ట్రోజెన్ ప్రభావం, చుట్టూ ఉన్న కణజాలంలోకి జొరబడే గుణం వంటివి వాటి ద్వారా తెలుస్తాయి. మిగతా 5 పోల్చి చూసుకోవడానికి. అన్నిటినీ కలిపి 0 నుంచి 100 వరకు ఒక అంకె ఇస్తారు. వంశపారంపర్య ప్రమాదం గురించి అనుమానం ఉంటే బీఆర్‌సీఏ వంటి జన్యువుల కోసం వేరే రక్త పరీక్ష ఉంది.

ఈ పరీక్షను 10 వేల మందికి పైగా మహిళల మీద పరిశీలించిన టైలర్‌ఎక్స్ అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. లింఫు గ్రంథులకు పాకని, మీలాంటి రకం క్యాన్సర్ ఉన్నవారిలో అంకె 11 నుంచి 25 మధ్య వచ్చినవారికి హార్మోను చికిత్స ఒక్కటే ఇచ్చినా, దానికి కీమోథెరపీ జోడించినా, మొత్తం మీద ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే 50 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న వారిలో అంకె 16 నుంచి 25 మధ్య ఉంటే కీమోథెరపీ వల్ల కొంత ప్రయోజనం కనిపించింది. అందుకే మీ వైద్యులు అంకెతో పాటు మీ వయసు, కణితి పరిమాణం, నెలసరి ఆగిందా లేదా అన్నవి కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంకె 26 గాని అంతకు మించి గాని వస్తే సాధారణంగా కీమోథెరపీనే సూచిస్తారు. హెచ్‌ఈఆర్2 ఉన్న క్యాన్సర్లకూ, హార్మోను గ్రాహకాలు లేనివాటికీ ఈ పరీక్ష వర్తించదు. మీ నివేదిక ప్రకారం మీరు ఆ రెండు కోవల్లోకీ రారు కనుక చేయించుకోవడం ఉపయోగకరమే.